అలిపిరి మెట్లెక్కిన పిల్లాడికి గుల్మార్గ్‌లో ఏమీ కాదా? అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి సెలవులు దగ్గరపడే కొద్దీ తిరుపతిలో మాలాంటి పిల్లల డాక్టర్ల దగ్గరికి జలుబు, జ్వరాలతో పాటు టూర్ ప్రశ్నలు కూడా వస్తున్నాయి. గుల్మార్గ్, ఔలీ, సోలాంగ్ - అన్నీ హిమాలయాల్లో మంచు పడే చోట్లు. నాలుగైదేళ్ల పిల్లలకి మంచు మీద జారే స్కీయింగ్ నేర్పిద్దామని టికెట్లన్నీ బుక్ చేసుకున్నాక, ఒక మాట అడిగిపోదామని వస్తారు. రావడం మంచిదే. అయితే వాళ్లలో చాలామంది నోట వినే మాట ఒకటుంది.

అపోహ: "మా పిల్లోడు అలిపిరి మెట్లన్నీ ఎక్కేసినాడు సార్, వాడికి కొండ కొత్తా?"

3,550 మెట్లు ఎక్కాడంటే కాళ్లలో బలముంది, సంతోషం. కానీ ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి కాళ్ల బలంతో సంబంధం లేదు. తిరుమల సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తు. మనవాళ్లు చల్లని కొండ అనుకునే హార్స్‌లీ హిల్స్ కూడా 1,300 లోపే. గుల్మార్గ్ 2,650. అక్కడ గండోలా (రోప్‌వే) రెండో దశలో దిగేచోటు 3,900 దాటుతుంది. ఈ జబ్బు సాధారణంగా 2,500 దాటాకే మొదలవుతుంది. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ తగ్గుతుంది. దానికి ఒళ్లు సర్దుకోవడానికి రోజులు పడుతుంది. ఎంత ఫిట్‌గా ఉన్నా ఆ రోజులు తగ్గవు.

అసలు చిక్కు గుర్తుపట్టడంలో ఉంది. పెద్దవాళ్లు తలనొప్పి అని చెప్పగలరు, మూడేళ్ల పిల్ల చెప్పలేదు. ఊరికే చిరాకు పడుతుంది, అన్నం వద్దంటుంది, ఆడుకోదు, వాంతి చేసుకుంటుంది, రాత్రి నిద్రపోదు. అమ్మానాన్నలు "దారిలో తిన్నది పడలేదు" అనుకుని వాంతుల సిరప్ పోసి, పొద్దున్నే ఇంకా పైకి తీసుకుపోతారు. ఇదే ప్రమాదం.

ఆమధ్య ఒక రాత్రి గుల్మార్గ్ హోటల్ నుంచి ఫోన్. పొద్దున రేణిగుంటలో విమానమెక్కి సాయంత్రానికల్లా అక్కడికి చేరిపోయారు. ఐదేళ్ల బాబుకి రెండు వాంతులు, ఒళ్లో నుంచి దిగడం లేదు. జ్వరం లేదు, విరేచనాలు లేవు. మర్నాటికి గండోలా టికెట్లున్నాయి, అదొక టెన్షన్. తల్లి ఏడుస్తూ "మేం తప్పు చేసినామా సార్" అంది. తప్పేం లేదమ్మా, టికెట్లు వదిలేసి కిందున్న టంగ్‌మార్గ్ ఊరికి దిగిపోండి అన్నాను. 13 కిలోమీటర్లే. మర్నాడు మధ్యాహ్నం బాబు పెరుగన్నం అడిగాడని మెసేజ్ పెట్టారు.

ఆ ఎత్తులో పిల్లలు నలతగా ఉంటే, వేరే కారణం తేలేదాకా ఎత్తువల్లే అనుకోండి. ఇంకా పైకి పోవద్దు. తగ్గకుండా పెరుగుతుంటే రాత్రయినా కిందికి దిగాలి. తూలుతున్నా, మత్తుగా ఉన్నా, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నా మందు వేసి చూద్దామని ఆగకండి, దిగుతూనే ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు శ్రీనగర్‌లో ఒకటి రెండు రాత్రులు ఆగండి, అది 1,600 మీటర్లే. గండోలా రెండో దశ చిన్నపిల్లలకి అక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి కావలసిన వాలు కిందే ఉంది. ఈ ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ మాత్రలు ఎవరో చెప్పారని మీరే వేయకండి, అది పిల్లల బరువు చూసి డాక్టరు నిర్ణయించాల్సిన మందు.

అపోహ: కర్పూరం వాసన చూపిస్తే ఆక్సిజన్ అందుతుంది.

అందదు. ముక్కులో చల్లగా తగిలి, గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, అంతే. రక్తంలో ఆక్సిజన్ ఏమాత్రం పెరగదు. పైగా జేబులో మూటకట్టి ఇచ్చిన బిళ్లని పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. చిన్నపిల్లలు కర్పూరం మింగితే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ముప్పు. ఈ పుకారు ఫార్వర్డ్ చేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

అపోహ: రెండు చుక్కల బ్రాందీ పోస్తే వెచ్చగా ఉంటుంది.

చర్మం వెచ్చబడుతుంది, లోపలి వేడి బయటికి పోతుంది. పిల్లల్లో షుగర్ కూడా పడిపోతుంది. ఒక్క చుక్క కూడా వద్దు.

అపోహ: ఎన్ని బట్టలు తొడిగితే అంత మంచిది.

ఎన్ని అని కాదు, ఏవి అని చూడండి. నూలు బనియన్ చెమటకి తడిసి ఒంటికి అంటుకుంటే చలి ఇంకా ఎక్కువవుతుంది. ఒంటికి ఆనుకుని ఉన్ని థర్మల్స్ గానీ సింథటిక్‌వి గానీ, పైన తడి దిగని జాకెట్. సాక్సు ఒక్క జతే. రెండు జతలు వేస్తే బూటు బిగిసి రక్తం సరిగా ఆడక వేళ్లు చల్లబడతాయి. గ్లవ్స్ మాత్రం ఇంకో జత ఉంచుకోండి, తడవగానే మార్చాలి.

అపోహ: మన ఎండకి అలవాటుపడ్డ పిల్లలకి అక్కడి ఎండ ఒక లెక్కా?

కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. కళ్లజోడు, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

ఉబ్బసం ఉన్న పిల్లల అమ్మమ్మలు, నానమ్మలు "అంత చలికి తీసుకుపోతారా" అని భయపడుతుంటారు. వాళ్ల భయంలో అర్థముంది, చల్లని పొడిగాలి పిల్లికూతల్ని రేపుతుంది. అయినా ఉబ్బసం అదుపులో ఉంటే వెళ్లొచ్చు. వెళ్లే ముందు ఒకసారి చూపించండి. ఇన్‌హేలర్‌ని సూట్‌కేసులో కాకుండా మీ జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. బాగా చల్లబడితే అది సరిగా స్ప్రే కాదు.