బత్తాయి తొక్కలు వేస్తే ఫ్లోరైడ్ పోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన నెలలో మూడోసారి మా నీటి పరీక్షల ల్యాబ్‌కు వచ్చాడు. చేతిలో లీటరు సీసా, భుజాన ఒక సంచి. సీసాలో నీళ్లు పల్చటి టీ రంగులో ఉన్నాయి, అడుగున తెల్లటి పీచు పేరుకుంది. మూత తీయగానే పులిసిన వాసన. "ఈసారి తగ్గి ఉంటుంది చూడు బిడ్డా, రెండు రాత్రులు నానబెట్టాను" అన్నాడు. నానబెట్టింది బత్తాయి తొక్కలు.

ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌తో చూస్తే లీటరుకు 3.4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. తొక్క వేయని అదే బోరు నీళ్లు కూడా తెచ్చాడు కాబట్టి దాన్నీ చూశాను. అదీ 3.4. ఆయన ముఖం చూడలేక కాసేపు కాగితం మీద ఏదో రాస్తున్నట్టు నటించాను.

ఇలాంటి సీసాలు వారానికి రెండైనా వస్తున్నాయి. వీటన్నిటి వెనుకా, బత్తాయి తొక్కలు నానబెడితే నీళ్లలోని ఫ్లోరైడ్ పోతుందంటూ ఫోనుల్లో తిరిగే ఒక వీడియో ఉంది. నల్లగొండ అంటే బత్తాయి, నల్లగొండ అంటే ఫ్లోరైడ్. ఈ రెంటినీ కలిపి కథ అల్లడానికి ఎవరికైనా ఎంతసేపు పడుతుంది?

అపోహ: పండ్ల తొక్కలు నీళ్లలోని విషాలను లాగేస్తాయి, శాస్త్రవేత్తలే చెప్పారు.

చెప్పారు, నిజమే. ఏ విషాన్ని అన్నది వీడియోవాళ్లు చెప్పలేదు. 2011లో బ్రెజిల్ పరిశోధకులు అరటి తొక్కల పొడితో నది నీటిలోని సీసం, రాగి లోహాలను పట్టారు. 2013లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో మల్లంపాటి రామకృష్ణ టమాటా, యాపిల్ తొక్కలతో లోహాలను, రంగులను తొలగించి చూపారు. ఇంటిపేరు చూసి మనవాడేనని అందరం ఆ వార్తను పంచుకున్నాం, నేనూ పంచుకున్నాను. అదే పనిలో ఇంకో సంగతి ఉంది. ఫాస్ఫేట్, ఆర్సెనేట్, క్రోమేట్ లాంటివాటిని పట్టడానికి ఆయన యాపిల్ తొక్కకు ముందుగా జిర్కోనియం ఎక్కించాల్సి వచ్చింది.

ఎందుకంటే తొక్కలో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థం మీద కార్బాక్సిల్ గ్రూపులు ఉంటాయి. తాగునీటికి ఉండే పీహెచ్ దగ్గర అవి ఋణావేశంతో ఉంటాయి. సీసం, రాగి, కాడ్మియం అయాన్లది ధనావేశం, కాబట్టి వచ్చి అతుక్కుంటాయి. ఫాస్ఫేట్ లాంటివాటిలాగే ఫ్లోరైడ్‌ది కూడా ఋణావేశమే. తొక్క దాన్ని దగ్గరకు రానివ్వదు. ఫ్లోరైడ్‌ను పట్టాలంటే అల్యూమినియమో, జిర్కోనియమో, లాంథనమో తొక్కకు ఎక్కించాలి. అప్పుడు పని చేసేది ప్రధానంగా ఆ లోహం, తొక్క దానికి పీట మాత్రమే.

మామూలు తొక్కపొడి కూడా కొంత ఫ్లోరైడ్‌ను పట్టిందని రాసిన పరిశోధనలు ఉన్నాయి కదా అని మొన్న ఒక ఎమ్మెస్సీ విద్యార్థి వాదించాడు. ఉన్నాయి. వాటిలో చాలావరకు డిస్టిల్డ్ నీళ్లలో సోడియం ఫ్లోరైడ్ కలిపి, పీహెచ్ సరిచేసి చేసినవి. మన బోరు నీళ్లు అలా ఉండవు. ఇక్కడి గ్రానైట్ రాళ్లలోంచి ఫ్లోరైడ్‌తో పాటు బైకార్బనేట్ కూడా బోలెడు దిగి ఉంటుంది. పట్టే చోటు కోసం అది ఫ్లోరైడ్‌తో పోటీ పడుతుంది.

పోనీ, పోటీ లేదనే అనుకుందాం. ఒక గ్రాము పొడి ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ పడుతుందని కూడా అనుకుందాం. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న 20 లీటర్ల క్యాన్‌ను 1కి దించాలంటే 60 మిల్లీగ్రాములు తీయాలి. అంటే రోజుకు 60 గ్రాముల శుద్ధి చేసిన పొడి, నెలకు దాదాపు రెండు కిలోలు. దాన్ని కడిగి, ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి, లోహం ఎక్కించి, వాడాక వడగట్టి, ఆ మడ్డిని ఎక్కడ పోయాలో కూడా చూసుకోవాలి. బిందెలో నాలుగు తొక్కలు వేసి మూత పెట్టడంతో తేలే పని కాదిది.

పైగా పచ్చి తొక్క నానితే దానిలోని చక్కెరలు, ఆమ్లాలు నీళ్లలోకి దిగుతాయి. ఉన్న కాస్త క్లోరిన్ వాటికే ఖర్చయిపోతుంది, సూక్ష్మజీవులకు విందు మొదలవుతుంది. తోటలో కొట్టిన మందు తొక్క మీద ఉంటే అదీ తోడవుతుంది.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకొకటి. పెద్దాయన ఇంట్లో మిషన్ భగీరథ పథకం నల్లా ఉంది. కృష్ణా నీళ్లు వస్తాయి. మరి బోరు నీళ్లు ఎందుకు తాగుతున్నారని అడిగితే, "నల్లా నీళ్లకు బ్లీచింగ్ వాసన. తొక్కలతో బోరు నీళ్లే బాగవుతున్నాయి కదా అని మనవడికీ అవే పోస్తున్నాం" అన్నాడు. మనవడికి ఐదేళ్లు. పళ్లు తయారయ్యే వయసు. తొక్క ఏమీ చేయదు సరే, తొక్క మీద నమ్మకం మాత్రం ఆ పిల్లవాణ్ని మంచి నీళ్ల దగ్గర నుంచి మళ్లీ బోరు దగ్గరకు తీసుకుపోయింది. ఆ వాసనకు మందు చాలా చవక: నల్లా నీళ్లు పట్టి, పల్చటి గుడ్డ కప్పి కొన్ని గంటలు అలా వదిలేస్తే చాలావరకు పోతుంది.

అపోహ: ఇంట్లో కిట్‌తో చూశాం, రంగు మారింది, ఫ్లోరైడ్ తగ్గింది.

రంగును బట్టి చెప్పే పరీక్షను టీ రంగు నీళ్ల మీద చేస్తే అది ఏదైనా చెబుతుంది. తొక్కలోని సిట్రిక్ ఆమ్లం కూడా ఆ రసాయనంతో ఆడుకుంటుంది. అనుమానముంటే ల్యాబ్‌కు తెండి, ప్లాస్టిక్ సీసాలో.

అపోహ: మంచి నీళ్లకు మారి మూడేళ్లయినా అమ్మాయి పళ్ల గార పోలేదు, అంటే ఈ నీళ్లలోనూ ఉంది.

ఈ ప్రశ్న అడిగే తల్లులను చూస్తే జాలి వేస్తుంది. గార అనేది ఫ్లోరైడ్ వల్ల, పన్ను చిగురు లోపల తయారవుతున్న రోజుల్లోనే పడిన ముద్ర. ఆ తర్వాత నీళ్లు మార్చినా అది చెరగదు. చంకలో ఉన్న రెండో బిడ్డకు మాత్రం పళ్లు శుభ్రంగా వస్తాయి. నీళ్లు మార్చింది వృథా కాలేదమ్మా.

మిగిలినవి గబగబా. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్ గురించి విడిగా ఏమీ చెప్పదు. కొబ్బరి చిప్ప బొగ్గు ఫిల్టర్ క్లోరిన్‌కు, వాసనకు మంచిది, ఫ్లోరైడ్‌కు పనికిరాదు. చిల్లగింజ బురదను దించుతుంది, అంతవరకే. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలో తేలింది, అది నిజమే. కానీ పులుసు తాగి బోరు నీళ్లు తాగుతామంటే లెక్క కుదరదు. ఇక పటిక, సున్నం కలిపే పద్ధతికి మన జిల్లా పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్ అంటారు. నీటి క్షారతను కొలిచి మోతాదు వేయాలి. చేతికందినంత పటిక వేస్తే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది.

తొక్కలు అసలు పనికిరావా అంటే, సీసం, కాడ్మియం లాంటి లోహాలున్న ఫ్యాక్టరీ వ్యర్థజలాలకు వాటిని వాడే పరిశోధనలు బాగానే ఉన్నాయి. నాకూ ఆసక్తే. అది ప్లాంటులో చేసే పని, బిందెలో చేసేది కాదు.

పెద్దాయన అన్నీ విని, సంచి విప్పి చూపించాడు. ఎండాకాలమంతా ఎండబెట్టిన తొక్కలు, చక్కగా గలగలమంటున్నాయి. "మరి వీటిని ఏం చేయమంటావు?" అన్నాడు. తోటలో పాదుల్లో వేసుకోమన్నాను. బస్సులో మళ్లీ మోసుకుపోవడం ఎందుకని సంచిని మా వరండాలోనే వదిలి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ నల్లా నీళ్లు పట్టి తేవడానికి ఒక ఖాళీ సీసా అడిగి తీసుకున్నాడు.