ఎరుకల పేరు, ఉప్పు బేరం, జనగణన కాలమ్

కులాన్ని కూడా లెక్కించే జనగణన దగ్గర పడేకొద్దీ, విముక్త జాతులకు, అంటే బ్రిటిష్ కాలపు చట్టం ఒకటి నేరస్థులని ముద్ర వేయగా ఆ చట్టం రద్దుతో ముద్ర పోయిన జాతులకు, విడిగా ఒక కాలమ్ పెట్టాలన్న డిమాండ్ మళ్ళీ ముందుకొచ్చింది. ఇది ఢిల్లీ వ్యవహారమే అయినా, నెల్లూరు జిల్లాలో కావలి, బోగోలు వైపు ఉన్న ఎరుకల కుటుంబాలకు బాగా తగిలే సంగతి. కాలమ్ ఉంటే తమ సంఖ్య తేలుతుందనీ, సంక్షేమంలో వాటా అడగొచ్చనీ ఒక వాదన. ఎస్టీ గుర్తింపు ఉండగా ఆ పాత చట్టం మచ్చను మళ్ళీ కాగితం మీదికి ఎందుకు తెచ్చుకోవాలని రెండో వాదన.

ఎరుకలనగానే సోది, బుట్టలల్లడం, స్టూవర్టుపురం అందరికీ తెలిసినవే. నేరస్థ జాతుల చట్టం వచ్చిన 1871 నుంచి కథ ఎత్తుకోవడం కూడా మామూలే. కానీ ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో అమల్లోకి వచ్చింది 1911లో, దాన్ని తిరగరాశాకే. అసలు మలుపు అంతకుముందే, ఉప్పు దగ్గర వచ్చింది.

ఎరుకల్లో ఉప్పు ఎరుకలు అని ఒక పెద్ద శాఖ ఉంది. కోస్తా కొఠార్లలో ఉప్పు కొని, గాడిదల మీద వేసుకుని, రైతుబండి కూడా వెళ్ళలేని మెట్ట ఊళ్ళకు చేర్చేవాళ్ళు. అక్కడ ఉప్పు ఇచ్చి ధాన్యం తీసుకునేవాళ్ళు. దారిలో పశువులు మేసేవి, బుట్టలకు వెదురు దొరికేది. 1876–78 కరువు ఆ పశువుల్ని తినేసింది. 1882 అడవి చట్టంతో మేతకూ వెదురుకూ అడ్డం పడింది. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. 1899కల్లా మద్రాసు నుంచి బెజవాడ దాకా రైలు కలిసింది, సరుకు పెద్ద వర్తకుల చేతికి పోయింది. అప్పటిదాకా ఊరి జనం ఎదురుచూసిన మనిషి ఒక్క తరంలో పనీ పాటా లేకుండా తిరిగే అనుమానితుడయ్యాడు. 1911 చట్టం వెతుక్కున్నది ఇలాంటి మనిషినే.

ఆ చట్టం కింద ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే కోర్టుకు వెళ్ళే వీలు లేదు. వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, పాస్ లేనిదే కదలకూడదు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి బళ్ళలో పెట్టే అధికారం కూడా సర్కారుకు ఉంది. ఇలా ప్రకటించిన జాతుల్ని నిఘాలో ఉంచే సెటిల్మెంట్ ఒకటి కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. బోగోలు మండలంలోని కప్పరాళ్ళతిప్ప కూడా సెటిల్మెంటే. చదువు, వైద్యం అక్కడే అందాయన్నది మిషన్ వైపు మాట. అందులో నిజం ఉంది. అయితే గేటు దాటాలంటే సంతకం కావాలి.

మద్రాసు ప్రభుత్వం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. మద్రాసులో మరుసటేడే, 1948లో, అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. జాతి పేరు తీసేశారు, నిఘా మాత్రం ఉంచారు.

కాలమ్ కావాలనేవాళ్ళ ఆధారమంతా ఈ చట్టం నడిచిన కథే. విముక్త, సంచార జాతుల మీద కేంద్రం వేసిన రేణ్కే కమిషన్, ఇదాతే కమిషన్ నివేదికలు వచ్చాక కూడా తమ లెక్క తేలలేదన్న వాళ్ళ బాధ న్యాయమైనది. వద్దనే పెద్దల మాటను మాత్రం భయంగా కొట్టిపారేస్తున్నారు. సర్కారు తగిలించిన పేరుకు ముందు మాకో పేరుంది, బేరం ఉంది, సాతుపాడి, కావడి, మానుపాడి, మేండ్రగుత్తి అని నాలుగు గోత్రాలున్నాయి, కుర్రు అనే భాష ఉంది అంటారు వాళ్ళు. మనవడికి మొదట చెప్పాల్సింది రోల్‌కాల్ హాజరు గురించా, ఉప్పు గాడిదల గురించా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు కాలమ్ కావాలనేవాళ్ళ దగ్గర ఇంకా జవాబు లేదు.

2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకలు ఐదు లక్షలు దాటారు. దేశం మొత్తం మీద ఎరుకల భాషను మాతృభాషగా చెప్పినవాళ్ళు అరవై వేల లోపే. వాళ్ళను కూడా జనగణన తమిళం కింద కలిపేసింది. విముక్త జాతుల కాలమ్ వస్తుందో రాదో గానీ, మాతృభాష ప్రశ్న ఎలాగూ అడుగుతారు. వచ్చిన ఉద్యోగి తనంతట తాను తెలుగు అని రాసుకోకముందే కుర్రు అని చెప్పి రాయించడం ఇంటివాళ్ళ చేతిలో పని.