తక్కువ జీపీఏతో అమెరికా మెడికల్ స్కూల్: మన ఇళ్లలో వినపడే అపోహలు

అమెరికాలో మెడిసిన్‌కి వెళ్లాలనుకునే డిగ్రీ పిల్లలకు సలహాలిచ్చే ఉద్యోగం నాది. పిల్లల కంటే ముందు అమ్మానాన్నల ఫోనొస్తుంది. "మా అమ్మాయికి ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ వచ్చిందండీ, ఇక అయిపోయినట్టేనా?" అని. పిల్లల అనుమతి లేకుండా వాళ్ల గ్రేడ్ల గురించి మాట్లాడటానికి ఇక్కడి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. అందుకే అందరికీ పనికొచ్చే సంగతులు ఇలా రాస్తున్నా.

అపోహ: 4కి 3.5 జీపీఏ (గ్రేడ్ల సగటు) లేకపోతే దరఖాస్తు పెట్టడమే దండగ.

ఈ మధ్య ఎండీ (ఇక్కడ డాక్టరు చదువు పట్టా) స్కూళ్లలో చేరినవాళ్ల సగటు జీపీఏ 3.8కి దగ్గరగా, ఎంక్యాట్ (మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) స్కోరు 511-512 దగ్గర ఉంటోంది. అది చూసి గుండె జారడం సహజం. కానీ జీపీఏ, ఎంక్యాట్ రెండూ కలిపి ఎంతమందికి సీటొచ్చిందో ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) ఒక పట్టిక ఇస్తుంది, ఎవరైనా చూడొచ్చు. అందులో 3.2 ఉన్న వరుసలోనూ సీటొచ్చినవాళ్లుంటారు, 3.8 దాటిన వరుసలోనూ రానివాళ్లుంటారు. అలాగని 3.2 చిన్న ఇబ్బందేమీ కాదు. ఒక అంకె కంటే తక్కువున్న ఫైలును తెరవని స్కూళ్లూ ఉన్నాయి.

అపోహ: కోర్సు మళ్లీ చేసి ఏ తెచ్చుకుంటే పాత సీ చెరిగిపోతుంది.

మీ యూనివర్సిటీ లెక్కలో చెరగొచ్చు. ఎండీ స్కూళ్ల దరఖాస్తులు తీసుకునే ఆమ్‌కాస్ మాత్రం రెండు గ్రేడ్లనూ లెక్కేస్తుంది. డీఓ (ఆస్టియోపతిక్ డాక్టరు పట్టా) స్కూళ్ల దరఖాస్తులు తీసుకునే ఆకోమాస్ ఒకప్పుడు కొత్త గ్రేడునే తీసుకునేది, 2017లో ఆ పద్ధతి మానేసింది. అంతకుముందు చేరిన అన్నయ్యలు, అక్కయ్యలు ఇప్పటికీ పాత సలహానే ఇస్తుంటారు! టెక్సాస్‌లో మాత్రం పదేళ్లు దాటిన పాత కోర్సులన్నిటినీ పక్కన పెట్టించుకునే 'అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్' ఉంది. అది ఆ రాష్ట్ర నివాసులకే.

అపోహ: ఒక్క ఏడాది గట్టిగా చదివితే జీపీఏ లేచి కూర్చుంటుంది.

కాగితం మీద లెక్క వేద్దాం. 120 క్రెడిట్లకు 3.0 ఉంది. డిగ్రీ తర్వాత ఇంకో 30 క్రెడిట్లు చదివి అన్నిట్లో ఏ తెచ్చుకుంటే వచ్చేది 3.2. ఏడాది కష్టానికి, అన్ని వేల డాలర్లకు ఇంతేనా అని నిరుత్సాహపడతారు. కానీ కమిటీ చూసేది ఆ ఒక్క అంకెనే అనుకోకండి. ఆమ్‌కాస్ ఫైల్లో ఫ్రెష్‌మన్, సోఫమోర్, జూనియర్, సీనియర్ (డిగ్రీ నాలుగేళ్లు), పోస్ట్‌బాక్ (డిగ్రీ తర్వాత చదివిన కోర్సులు) అని విడివిడిగా వరుసలుంటాయి. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపిన జీపీఏ వేరుగా కనిపిస్తుంది. మొదటి వరుసలో 2.6, చివరి వరుసలో 4.0 ఉంటే చదివేవాళ్లు ఆగి చూస్తారు. ఆ చివరి వరుసలో ఉన్నవి బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీలాంటి గట్టి కోర్సులైతే ఇంకా మంచిది. నా దగ్గరికొచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే: సగటును పెంచాలని తంటాలు పడొద్దు, ఈమధ్య ఏం చదవగలిగారో చూపించండి.

మాస్టర్స్ సంగతి వేరు. ఆ గ్రేడ్లు ఇంకో వరుసలోకి వెళ్తాయి, డిగ్రీ జీపీఏను కదిలించవు. మెడికల్ స్కూల్ స్థాయి కోర్సులుండే స్పెషల్ మాస్టర్స్‌కి విలువ ఉంది. కాకపోతే ఖర్చెక్కువ, అక్కడ బీలు వస్తే పాత అనుమానమే బలపడుతుంది. చదవగలనన్న నమ్మకం కుదిరాకే అందులో చేరమంటాను.

అపోహ: ఎంక్యాట్ బాగా వస్తే అన్నీ కప్పేస్తుంది.

సాయపడుతుంది, కప్పేయదు. రాసిన స్కోర్లన్నీ స్కూళ్లకు కనిపిస్తాయి. ఏడాదిలో 3 సార్లు, రెండేళ్లలో 4, జీవితం మొత్తంలో 7 సార్లే రాయనిస్తారు.

అపోహ: డీఓ అంటే రెండో రకం డాక్టరు.

ఇది ఎక్కువగా పెళ్లి సంబంధాల దగ్గర పుట్టే మాట. 2020 నుంచి ఎండీ, డీఓలకు రెసిడెన్సీ (పట్టా తర్వాత ఆసుపత్రిలో శిక్షణ) గుర్తింపు వ్యవస్థ ఒక్కటే. 2024 మ్యాచ్‌లో (రెసిడెన్సీ సీట్ల కేటాయింపులో) ఎండీ చివరి ఏడాది విద్యార్థుల్లో సుమారు 93 శాతానికి, డీఓ చివరి ఏడాది విద్యార్థుల్లో సుమారు 92 శాతానికి రెసిడెన్సీ దొరికింది. కొన్ని సర్జరీ విభాగాలు డీఓలకు ఇంకా కష్టమే, అది దాచను.

అపోహ: ఇక్కడ రాకపోతే కరీబియన్ దీవుల్లో మెడికల్ స్కూల్, అదీ కాకపోతే ఇండియాలో ఎన్నారై సీటు.

అదే మ్యాచ్‌లో విదేశాల్లో చదివొచ్చిన అమెరికా పౌరుల్లో రెసిడెన్సీ దొరికింది సుమారు 67 శాతానికే. అక్కడిదాకా రాకుండా మధ్యలోనే మానేసినవాళ్లు ఆ లెక్కలో లేరు. ఇండియాలో ఎన్నారై సీటుకైనా నీట్ తప్పదు. తిరిగొచ్చాక నిలబడేది కూడా ఆ 67 శాతం వరుసలోనే.

అపోహ: ఏదైతే అదవుతుంది, ఈ ఏడే పెట్టేద్దాం.

ఇంట్లో అందరికీ తొందర. దరఖాస్తు జూన్‌లో పంపితే, ఆ తర్వాత వచ్చే గ్రేడ్లు అందులో ఉండవు. గతంలో దరఖాస్తు పెట్టారా అని చాలా స్కూళ్లు అడుగుతాయి, రెండోసారి వచ్చినవాళ్లలో ఏం మారిందో వెతుకుతాయి. అకడమిక్ ప్రొబేషన్ (గ్రేడ్లు పడిపోయినందుకు కాలేజీ ఇచ్చే హెచ్చరిక) పడి ఉంటే దాన్నీ తప్పకుండా రాయాలి. కాబట్టి ఈ ఫాల్, వచ్చే స్ప్రింగ్ గ్రేడ్లు ఫైల్లో కనిపించాలంటే దరఖాస్తు పెట్టాల్సింది వచ్చే జూన్‌లో.