ముందు కన్ను, తర్వాత చెయ్యి

"మా కుక్క ఒళ్ళు కాలిపోతోందండీ" అంటూ విశాఖ పశువుల ఆసుపత్రికి ఎంవీపీ కాలనీ నుంచో సీతమ్మధార నుంచో పెంపుడు కుక్కను చంకనేసుకుని వస్తుంటారు. తీరా థర్మామీటర్ పెడితే 101.8 చూపిస్తుంది. అది జ్వరం కాదు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. మనకు ఆ అంకె వస్తే మాత్ర వేసుకుని ముసుగు తన్ని పడుకుంటాం. కోడికి 105 దాటినా అది దాని ఆరోగ్యమే. అదే గుర్రానికి 102 వచ్చిందంటే డాక్టరుకు కబురు పెట్టాలి. ముక్కు తడిగా ఉందా, పొడిగా ఉందా అని చూసి జ్వరం తేల్చే అలవాటు ఒకటుంది కానీ, దాన్ని నమ్మడానికి లేదు.

పశువైద్యంలో సహాయకులుగా చేరేవాళ్ళకు మన రాష్ట్రంలో పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. ఊళ్ళల్లో ఈ సహాయకులను కాంపౌండర్ అనే పిలుస్తారు. రోగం తేల్చడం, మందు నిర్ణయించడం రిజిస్టరైన పశువైద్యుల పని అని 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం చెబుతుంది. సహాయకులు చేసేది వాళ్ళ పర్యవేక్షణలో చేసే చిన్నపాటి చికిత్సలే. అయితే ఆ డాక్టరు చూసే అంకెల్లో సగం ఈ సహాయకుల చేతుల్లోంచే వస్తాయి. పట్టుకోవడం సరిగ్గా రాకపోతే ఆ అంకెలే తప్పుతాయి.

పిల్లిని చూడండి. ఇంట్లో సోఫా మీద నిద్రపోయే పిల్లిని బుట్టలో పెట్టి, ఆటోలో తీసుకొచ్చి, కుక్కలు మొరిగే హాల్లో కూర్చోబెట్టి, మెడ పట్టుకుని రక్తం తీస్తే దాని షుగర్ మధుమేహం ఉన్న పిల్లికి ఉన్నంత కనబడవచ్చు. అది రోగం కాదు, ఉట్టి టెన్షన్. భయపడ్డ ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పొంగి కాలేయం నుంచి గ్లూకోజ్‌ను రక్తంలోకి తోస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, బీపీ లేస్తుంది. శరీర నిర్మాణం, శరీర ధర్మం, పట్టుకునే పద్ధతి అని పుస్తకంలో మూడు పాఠాలుగా ఉన్నవి బల్ల దగ్గరకొచ్చేసరికి ఒకటే అయిపోతాయి. మెడ వెనక చర్మం పట్టి లేపే పాత పద్ధతిని ఇప్పుడు వద్దంటున్నదీ అందుకే. తువ్వాలు చుట్టి, తల కప్పి, ఏ కాలు కావాలో అది మాత్రం బయటకు తీస్తే పిల్లీ కుదురుగా ఉంటుంది, లెక్కా సరిగ్గా వస్తుంది.

అందువల్ల పరీక్షకు ఒక వరస ఉంది. చెయ్యి వేస్తే మారిపోయేవాటిని ముందే చూసేయాలి. అన్నిటికంటే ముందు ఊపిరి. ఆనందపురం వైపు ఒక పాకలో ఓ రైతు విసుక్కున్నాడు: "ఏటి బాబూ, సూదెయ్యకుండా గోడకానుకుని సూత్తన్నావు?" సహాయకుడిగా వచ్చిన కుర్రాడు చేతి గడియారం వైపు చూస్తూనే "ఊపిరి లెక్కెడుతున్నా మావయ్యా, ఒక్క నిమిషం" అన్నాడు. నీడలో నింపాదిగా నిలబడ్డ ఆవు డొక్క నిమిషానికి సుమారు 20 నుంచి 30 సార్లు లేస్తుంది. 60 దాటితే ఎండదెబ్బ గురించి ఆలోచించాల్సిందే. గేదెకు చెమట గ్రంథులు ఆవు కంటే బాగా తక్కువ, పైగా నల్లటి ఒళ్ళు. మడుగు కనబడితే దిగిపోయేది ఒళ్ళు చల్లబరుచుకోవడానికే.

ఇక దగ్గరకు వెళ్ళడం. ఆవు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు 330 డిగ్రీల మేర చూడగలదు. తోక వెనక మాత్రం దానికి ఏమీ కనబడదు. అక్కడినుంచి చప్పుడు లేకుండా వెళ్తే బెదురుతుంది. జబ్బ వైపు నుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్ళాలి. గుర్రం వెనక్కి తన్నుతుంది. ఆవు కాలు ముందుకు వచ్చి పక్కకు అర్ధచంద్రాకారంలో తిరుగుతుంది. కాబట్టి దానికి ఆనుకునైనా నిలబడాలి, కాలు అందనంత దూరమైనా ఉండాలి. మధ్యలో ఉంటేనే దెబ్బ. ఆసుపత్రి ఆవరణలో ఇనప గొట్టాలతో కట్టిన ట్రావిస్ అనే చట్రంలో పెడితే సగం బాధ తీరుతుంది కానీ, పాకలో అది ఎక్కడిది? ముక్కుతాడు, పలుపు, రైతు గొంతు, ఇవే ఆధారం.

ఎడమ డొక్కలో, ఆఖరి పక్కటెముక వెనకున్న గుంటలో పిడికిలి నొక్కిపెట్టి ఉంచితే లోపల రూమెన్, అదే పెద్ద పొట్ట, మెల్లగా పొర్లుతూ చేతిని బయటకు నెడుతుంది. ఆరోగ్యమైన ఆవులో రెండు నిమిషాలకు సుమారు మూడు సార్లు. ఆ కదలిక మొదటిసారి చేతికి తగిలినప్పుడు నేర్చుకునేవాళ్ళ మొహం చూడాలి! పెద్ద ఆవులో ఆ సంచి వంద లీటర్లకు పైనే పడుతుంది. లోపల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతుంటే రోజుకు 250 నుంచి 500 లీటర్ల మీథేన్ పుడుతుంది. అది త్రేన్పులుగా పోవాలి. ఆవును పక్కకు పడగొట్టి చాలాసేపు ఉంచితే త్రేన్పు రాదు, పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులను నొక్కేస్తుంది. తాళ్ళతో పడగొట్టాల్సిన పని ఉంటే ముందుగా మేత ఆపమనేది అందుకే. మన రోడ్ల పక్క చెత్తకుప్పల్లో ఆవులు మింగే ప్లాస్టిక్ కవర్లు కూడా ఈ సంచిలోనే పేరుకుంటాయి.

నోట్లో మందు పోసేటప్పుడు మూతిని ఆకాశానికెత్తి, నాలుక బయటకు లాగి పట్టుకోవడం ఊళ్ళలో చూస్తుంటాం. గొంతులో గాలిగొట్టం, అన్నవాహిక దారులు ఒకదాన్నొకటి దాటుకుని వెళ్తాయి. తల మరీ ఎత్తితే, నాలుక లాగితే పశువు సరిగ్గా మింగలేదు. మందు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. ముక్కు కంటి ఎత్తు దాటకూడదు, దగ్గిందంటే వెంటనే తల వదిలేయాలి.

విశాఖలో కుక్కకు మజిల్, అంటే కరవకుండా మూతికి వేసే కట్టు, కట్టడం ఇంకాస్త తిరకాసు. కుక్క చల్లబడేది ప్రధానంగా రొప్పడం వల్లే. నాలుక, నోటి తడి ఆవిరవుతూ వేడిని తీసుకెళ్తుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, ఆవిరవడం నెమ్మది. మే నెలలో గాజుగుడ్డ పట్టీతో మూతి బిగించి పావుగంట వదిలేస్తే, వైద్యానికొచ్చిన కుక్కకు మనమే వడదెబ్బ తగిలించినట్టు. ఇక్కడ ఎడ్ల చిక్కంలా ఉండే బుట్ట మజిల్ మేలు, అందులో నోరు తెరిచి రొప్పుకోగలదు. పగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కకు పట్టీ అసలు పనికిరాదు.

కోడికి, లవ్‌బర్డ్స్‌కు మనలాంటి డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండి ఊపిరి ఆడించే కండర పొర, లేదు. రొమ్ము ఎముక కదిలితేనే గాలి ఆడుతుంది. ముక్కు తెరిచే ఉన్నా, ఛాతీ గట్టిగా పట్టుకుంటే చచ్చిపోతుంది. కుందేలు వెనక భాగానికి ఆసరా ఇవ్వకుండా ఎత్తితే, అది తన్నుకునే జోరుకు దాని వెన్నే విరగొచ్చు.

పట్టుకునేవాళ్ళ ఒంటి సంగతి కూడా ఇందులో భాగమే. నా ఉద్దేశంలో ఇది మొదటి రోజే చెప్పాలి. రేబిస్ టీకా కరిచాక కాదు, పనిలో చేరకముందే 0, 7 రోజుల్లో, తర్వాత 21 లేదా 28వ రోజున వేయించుకోవాలి. ఆ తర్వాత కుక్క కరిచినా సబ్బుతో పావుగంట కడిగి, రెండు డోసులు వేయించుకుంటే సరిపోతుంది. అప్పటికప్పుడు రక్షణనిచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్, అదే ఇమ్యునోగ్లోబ్యులిన్, అక్కర్లేదు. ఈసుకుపోయిన, అంటే గర్భం పోయిన, ఆవు మాయను ఉత్త చేత్తో లాగితే బ్రుసెల్లా అనే బ్యాక్టీరియా సోకవచ్చు. వచ్చి పోయే జ్వరం, కీళ్ళ నొప్పులు నెలల తరబడి వేధిస్తాయి. 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు దీని టీకా వేస్తారు. అందులో ఉండేది బతికున్న బ్యాక్టీరియా. దూడ ఎగిరి సూది మన చేతికే గుచ్చుకుంటే వెంటనే మనుషుల డాక్టరు దగ్గరకు వెళ్ళి, గుచ్చుకున్నది బ్రుసెల్లా టీకా అని పేరు పెట్టి చెప్పాలి.