రాష్ట్రం దాటి హ్యాండ్‌గన్ అమ్మకం: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో లైసెన్స్ తీసుకుని తుపాకుల వ్యాపారం చేస్తున్నాను. మా కౌంటర్ దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో చాలామందికి అమెరికాలో తుపాకీని ఎవరైనా, ఎక్కడైనా, ఎవరికైనా అమ్ముకోవచ్చనే నమ్మకం ఉంది. రాష్ట్రం మారితే ఆ నమ్మకమే కేసు దాకా తీసుకెళ్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మేం వ్యాపారులం కాదు. స్నేహితుడు ఏ రాష్ట్రంలో ఉన్నా నా పిస్టల్ అమ్మేయొచ్చు.

అమ్మకూడదు. లైసెన్స్ లేని మనిషి, వేరే రాష్ట్రంలో ఉంటున్నాడని తెలిసిన మరో లైసెన్స్ లేని మనిషికి నేరుగా తుపాకీ ఇవ్వకూడదని 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం చెబుతోంది. అలా తీసుకుని తన రాష్ట్రానికి తెచ్చుకున్నవాడిదీ నేరమే. కావాలని చేశారని రుజువైతే 5 ఏళ్ల వరకు జైలు. డబ్బు తీసుకోకపోయినా ఇదే వర్తిస్తుంది. డాలస్‌లో ఉన్న తండ్రి అట్లాంటాలో ఉన్న కొడుక్కి బహుమతిగా కూడా చేతికి ఇవ్వలేడు. తండ్రి పోయాక వారసత్వంగా వస్తే మాత్రం మినహాయింపు ఉంది.

అపోహ: అయితే రాష్ట్రం దాటి అమ్మడమే కుదరదు.

కుదురుతుంది. తుపాకీ కొనేవాడి రాష్ట్రంలో ఉన్న డీలర్‌కు చేరాలి, అతని చేతుల మీదుగానే కొనేవాడికి అందాలి. ఆ డీలర్ తన రికార్డులో ఎక్కించుకుని, కొనేవాడి చేత ఫారం 4473 అనే ఫెడరల్ ఫారం నింపించి, తుపాకీ కొనే అర్హత ఉందో లేదో చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసి ఇస్తాడు. కొంత ఫీజు తీసుకుంటాడు. అక్కడి రాష్ట్ర చట్టం కూడా ఒప్పుకోవాలి: న్యూజెర్సీలో హ్యాండ్‌గన్‌కు (పిస్టల్, రివాల్వర్ లాంటి చిన్న తుపాకీకి) ముందే పర్మిట్ ఉండాలి, కాలిఫోర్నియాలో డీలర్లు అమ్మదగిన మోడళ్లకు ప్రత్యేక జాబితా ఉంది. డబ్బు కట్టకముందే అక్కడి డీలర్‌కు ఫోన్ చేయండి. పార్సిల్ సొంతంగా పంపే ప్రయత్నం చేయకుండా మీ ఊరి డీలర్ చేత పంపించండి. పోస్టు, కొరియర్ నిబంధనలు వేరుగా ఉంటాయి.

అపోహ: చెక్ ఎలాగూ జరుగుతుంది కదా, పక్క రాష్ట్రంలో షాపుకెళ్లి కొనుక్కోవచ్చు.

రైఫిల్, షాట్‌గన్ అయితే నిజమే. స్వయంగా వెళ్లి, రెండు రాష్ట్రాల చట్టాలూ ఒప్పుకుంటే, 1986 సవరణ నుంచి కొనొచ్చు. హ్యాండ్‌గన్‌కు ఆ వీలు లేదు. వాషింగ్టన్ డీసీ దంపతులకు టెక్సాస్‌లో హ్యాండ్‌గన్ అమ్మాలనుకున్న ఒక డీలర్ ఈ నిబంధన మీద కోర్టుకెళ్లారు. 2015లో కింది కోర్టులో గెలిచారు. 2018లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. గన్ షోలో కొన్నా ఇదే రూలు.

రెండు రాష్ట్రాల్లో ఇళ్లున్నవాళ్లు మాత్రం ఏ ఇంట్లో ఉంటున్నప్పుడు ఆ రాష్ట్రవాసులే. బయటి రాష్ట్రంలో చదువుకునే విద్యార్థి విషయంలోనూ అంతే.

అపోహ: అక్కడున్న బంధువు చేత కొనిపించి, తర్వాత పద్ధతిగా ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటే చాలు.

అన్నిటికంటే ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. వర్జీనియాలో బ్రూస్ అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు ఉండేవారు. పోలీసు డిస్కౌంట్‌కు వస్తుందని పెన్సిల్వేనియాలో ఉన్న బంధువు కోసం గ్లాక్ 19 పిస్టల్ కొన్నారు. ఆ బంధువు ముందుగానే 400 డాలర్ల చెక్కు పంపారు. తర్వాత పెన్సిల్వేనియా డీలర్ దగ్గర, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించి మరీ అప్పగించారు. ఇద్దరికీ తుపాకీ ఉంచుకునే అర్హత ఉంది, రాష్ట్రం దాటించిన తీరులోనూ తప్పు లేదు. అయినా శిక్ష పడింది. ఎందుకంటే వర్జీనియాలో ఫారం నింపేటప్పుడు "అసలు కొనుగోలుదారు నేనే" అని రాశారు. డబ్బు, తుపాకీ రెండూ ఇంకొకరివి. 2014లో సుప్రీంకోర్టు 5-4తో శిక్షను సమర్థించింది.

బంధువే ఆ షాపులో డబ్బు కట్టి తన ఊరి డీలర్‌కు పంపించుకుని ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మీ సొంత డబ్బుతో కొని నిజంగా బహుమతిగా ఇస్తే ఫారంలో కొనుగోలుదారు మీరే. కాకపోతే రాష్ట్రం దాటేది డీలర్ ద్వారానే. తుపాకీ ఉంచుకునే అర్హత లేనివాళ్ల కోసం తెలిసీ కొనిపెట్టడం మీద 2022లో విడిగా చట్టం వచ్చింది, శిక్ష 15 ఏళ్ల వరకు ఉంది.

అపోహ: హెచ్1బీ మీద ఉన్నా, టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే చాలు.

చాలదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా నిషేధం. నేరం రుజువైతే జైలుతో పాటు దేశం వదిలి వెళ్లాల్సి రావచ్చు. గ్రీన్‌కార్డు వస్తే ఈ నిషేధం ఉండదు. వీసా మీదున్నా, అమెరికాలో జారీ అయిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. మీరు ఆ కోవలోకి వస్తే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి, ఆ లైసెన్స్ వెంట తీసుకుని రండి. ఫారంలో ఆ ప్రశ్న ఉంటుంది.