రంగులేసిన కంటైనర్ షెల్టర్ అయిపోదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నెలకోసారైనా ఈ ఫోన్ వస్తుంది. “మేడమ్, పాత షిప్పింగ్ కంటైనర్ ఒకటి చవగ్గా దొరుకుతోంది. స్టేషన్ దగ్గర పడుకునే పిల్లలకి ఇచ్చేద్దామనుకుంటున్నాం. మీరు కిటికీలు కోయించి, బొమ్మలేయించండి చాలు.” ఇస్తామని వచ్చినవాళ్లని వద్దనడం నాకూ కష్టమే. కానీ విశాఖలో వీధిపిల్లల షెల్టర్లు డిజైన్ చేస్తూ చూశాను, దాతల డబ్బుని ఈ ఒక్క అపోహ తినేసినంతగా ఇంకేదీ తినలేదు.

అపోహ: కంటైనర్ చవక, గట్టిది, తెచ్చి పెట్టేయడమే.

వాస్తవం: ముందు నేల కొలవండి. ఇరవై అడుగుల కంటైనర్ లోపల సుమారు 150 చదరపు అడుగులు. 2016 బాలల న్యాయ నమూనా నిబంధనల్లో పడకగదికి వేసిన లెక్క ఒక్కొక్కరికి 40 చదరపు అడుగులు. అంటే ముగ్గురు, ఇరుక్కుంటే నలుగురు. ఫోన్ చేసేవాళ్లు చెప్పేది పదిమంది!

తర్వాత ఎండ. మే నెలలో మన ఊళ్లో మనిషిని చంపేది ఉక్కపోత. గాలాడని ఇనుప పెట్టెలో ఒంటి మీద చెమట ఆరదు. వేడి ఆపడానికి లోపల థర్మోకోల్, ప్లైవుడ్ కొట్టిస్తే ఏడున్నర అడుగుల వెడల్పు ఇంకా తగ్గిపోతుంది, పైగా నిప్పంటుకుంటే కష్టం. కిటికీ కోస్తే ఇంకో తంటా. ఆ ముడతల రేకులోనే గోడ బలమంతా ఉంది కాబట్టి కోసిన చోటల్లా ఫ్రేమ్ వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్ దగ్గర పెయింట్ పోయిందంటే సముద్రపు గాలికి తుప్పు మొదలు. పాత కంటైనర్లలో చెక్క నేలకి చాలావాటికి పురుగుమందు పట్టించి ఉంటుంది. పిల్లలు పడుకునేది దాని మీదే.

ఇక గట్టిదనం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌ని చూసినవాళ్లకి గాలి గురించి నేను చెప్పక్కర్లేదు. విశాఖలో కట్టడాలకి లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఖాళీ కంటైనర్ బరువు రెండు టన్నుల పైచిలుకు. ఆ గాలికి ఆ బరువొక్కటే నమ్ముకోలేం, పునాది పోసి బోల్టులు బిగించాల్సిందే. అన్నీ కలిపి చూస్తే చవక ఎక్కడుంది?

ఇంత గట్టిగా చెప్తున్నానంటే, నేనూ ఒకటి చేశాను కాబట్టి. గోడల నిండా చేపలు, పడవలు, ప్రారంభం రోజు బోలెడు ఫొటోలు. వారం తర్వాత సాయంత్రం నాలుగున్నరకి వెళ్తే లోపల ఒక్కరూ లేరు. కంటైనర్ పక్కన పడిన నీడలో వరసగా కూర్చున్నారు. తొమ్మిదేళ్ల వాడొకడు నా చెయ్యి లాగి పడమటి గోడకి ఆనించాడు. “చూడక్కా, కాలతంది.” నిజంగానే కాలింది. ఎర్ర చేప బొమ్మ మీద నా అరచేయి.

రాత్రుళ్లు అందరూ తలుపు దగ్గరే చాపలేసుకునేవాళ్లట. వీధిలో పడుకున్న పిల్లలకి వీపు వెనక గోడ ఉండాలి, ఎదురుగా తలుపు కనబడాలి. అది నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. తర్వాతి షెల్టర్‌ని ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుకలతో కట్టాం. నైరుతి గాలి వచ్చేలా జాలీ, అంటే కన్నాల గోడ, పైన పెంకులు, వేడిగాలి పోవడానికి కప్పు కింద సందు. జాలీ కింద అడుగున్నర ఎత్తులో వెడల్పాటి అరుగు. పగలు అది రైలు, స్టేజీ, కొట్టు. రాత్రి అదే పక్క.

అపోహ: ఆట విలాసం. ఆ అరుగుకి అదనంగా అయింది నాలుగు వరసల ఇటుక! పాత టైర్లతో ఉయ్యాల కడితే మాత్రం కింద కన్నాలు పెట్టండి, లేదంటే నీళ్లు నిలిచి దోమలు పెంచినవాళ్లవుతారు.

అపోహ: వెదురు ఏడాదిలో పుచ్చిపోతుంది. పచ్చిది నేలలో పాతితే పుచ్చుతుంది మరి. బోరాక్స్, బోరిక్ యాసిడ్ పట్టించి, సిమెంటు దిమ్మ మీద నిలబెట్టి, వాన తగలకుండా చూరు దించండి.

అపోహ: బయట నుంచి తాళం వేయకపోతే పారిపోతారు. తాళం చూసిన పిల్ల అసలు గేటు దాటి లోపలికే రాదు. రాత్రి నిప్పంటుకుంటే ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుకుతూ కూర్చుంటారా?

అపోహ: స్థలముంటే ఎవరైనా పెట్టేయొచ్చు. కుదరదు. 2015 బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఒంటరిగా దొరికిన పిల్లని ఇంటికి తీసుకెళ్లిపోకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో, పిల్లని ఎక్కడ ఉంచాలో నిర్ణయించే చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు హాజరుపరచాలి.

ఇక ఫుట్‌పాత్ మీద ఉండే తల్లుల భయం. షెల్టర్‌కి పంపితే పిల్లని లాగేసుకుంటారని ఎవరో చెప్పి ఉంటారు. ఈ పుకారు పుట్టించేవాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది. సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమని ఆ చట్టమే చెబుతోంది. తల్లుల మీద మాత్రం కోపం రాదు. జ్ఞానాపురం వైపు ఒకామె సర్వే రోజు నన్ను ఒక్కటే అడిగింది: “రాత్రి ఒకపాలి వచ్చి చూసుకుంటే ఊరుకుంటారా అమ్మా?”

అప్పటినుంచి నా ప్రతి ప్లాన్‌లో గేటు పక్కన, వాన పడని చోట, ఇంకో అరుగు ఉంటోంది. పెద్దవాళ్లు కూర్చునే ఎత్తులో.