నీహారిక దగ్గరికి వెళ్తే ఆ రంగులు కనిపిస్తాయా?

ప్రతి దీపావళికీ ఒక ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది. చీకట్లో భారతదేశం, దాని నిండా తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు చుక్కలు. "దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి మన దేశం" అని కింద రాసి ఉంటుంది. అది దీపావళి ఫొటో కాదు, అసలు ఒక్క రాత్రి తీసిన ఫొటోయే కాదు. అమెరికా వాతావరణ ఉపగ్రహాల సమాచారంతో క్రిస్ ఎల్విడ్జ్ అనే శాస్త్రవేత్త 2003లో తయారుచేసిన పటం. 1992కు ముందే వెలుగుతున్న ఊళ్లకు తెలుపు, 1992లో కొత్తగా కనిపించినవాటికి నీలం, 1998లో కనిపించినవాటికి ఆకుపచ్చ, 2003లో కనిపించినవాటికి ఎరుపు వేశారు. మన ఊళ్లు ఏయే కాలాల్లో ఎటువైపు పెరిగాయో ఒక్క చూపులో చెప్పే పటం అది. 2012 దీపావళి సమయంలో తీసిన నిజమైన ఉపగ్రహ చిత్రాన్ని నాసా విడుదల చేసింది. అందులో దేశం మామూలు రాత్రుల్లో ఉన్నట్టే ఉంది. దీపాల వెలుగూ టపాసుల వెలుగూ అంత ఎత్తు నుంచి దాదాపు తెలియవు.

ఎల్విడ్జ్ పటం నాకు చాలా ఇష్టం. నా బాధంతా ఏ రంగుకు ఏ అర్థమో చెప్పే వివరాన్ని కత్తిరించి బొమ్మను మాత్రమే పంపేవాళ్లతో. ఆకాశం ఫొటోలన్నిటికీ ఇదే గతి పడుతోంది. వివరం ఊడిపోయాక చూసేవాళ్లు రెండు జట్లవుతారు. ఒకరు "ఆహా, అక్కడ అంత అందంగా ఉందా" అంటారు. ఇంకొకరు "అంతా కంప్యూటర్లో వేసిన రంగులే, మోసం" అంటారు. ఇద్దరివీ తప్పు అభిప్రాయాలే.

టెలిస్కోప్ పెట్టి నలుగురికి ఆకాశం చూపించినప్పుడల్లా నీహారికను, అంటే నక్షత్రాల మధ్య ఉండే వాయువు, ధూళి మేఘాన్ని, చూసి ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇక్కడి నుంచి బూడిదరంగు పొగలా ఉంది సరే, రాకెట్‌లో దగ్గరికి వెళ్తే ఫొటోలోలా కనిపిస్తుంది కదా?" కనిపించదు. ఎంత దగ్గరికి వెళ్లినా కనిపించదు. దీని వెనక ఉన్న లెక్క నాకు ఖగోళశాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన లెక్క.

వెన్నెల రాత్రి సున్నం వేసిన గోడకు పది అడుగుల దూరంలో నిలబడండి. తెల్లగా కనిపిస్తుంది. అక్కడి నుంచి వంద అడుగుల దూరానికి జరగండి. గోడ చిన్నదైంది, కానీ మసకబారలేదు. తెలుపు అదే తెలుపు. ఎందుకని? దూరం రెట్టింపైతే గోడ మీది ప్రతి బిందువు నుంచి మన కంట్లోకి వచ్చే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. అదే సమయంలో గోడ మన రెటీనా మీద ఆక్రమించే చోటు కూడా సరిగ్గా నాలుగో వంతవుతుంది. నాలుగో వంతు కాంతి నాలుగో వంతు చోట్లో పడితే రెటీనాలో ఒక్కో కణానికి అందే కాంతి మారదు. దూరం పది రెట్లయితే కాంతి నూరో వంతు, చోటూ నూరో వంతే. మధ్యలో పొగా మంచూ లేనంతవరకు ఈ లెక్క తప్పదు. ఒక్కో చోటికి అందే ఈ వెలుగునే ఉపరితల ప్రకాశం అంటారు.

ఇప్పుడు ఈ లెక్కను తిరగేసి ఆలోచించండి. చుక్కల వెలుగు తప్ప ఇంకేమీ లేని అమావాస్య రాత్రి, దూరం నుంచి గోడ లీలగా కనిపిస్తోంది. నడుచుకుంటూ దగ్గరికి వెళ్తే ప్రకాశవంతమవుతుందా? పెద్దదవుతుంది, అంతే. ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లినా అదే లీలగా, కాకపోతే చూపంతా నిండి ఉంటుంది.

ఓరియన్ నీహారిక ఆ అమావాస్య గోడ లాంటిదే. మనకు దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సగం ఆకాశం నిండేంత దగ్గరికి వెళ్లారనుకోండి. దాని నుంచి మీ కంట్లో పడే మొత్తం కాంతి విపరీతంగా పెరుగుతుంది, కానీ అదంతా సగం ఆకాశం మీద పరుచుకుని ఉంటుంది. ఒక్కో చోటి వెలుగు ఏమీ పెరగదు. లోపలికే వెళ్లిపోతే ఇంకా నయం కాదు. అక్కడ ఒక ఘన సెంటీమీటరులో ఉండేవి ఎక్కువ చోట్ల కొన్ని వేల పరమాణువులకు మించవు. మనం పీల్చే గాలిలో అదే చోట్లో 25 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని అణువులుంటాయి. నీహారిక మధ్యలో నిలబడి చుట్టూ చూసినా శూన్యంలా ఉంటుంది.

మరి టెలిస్కోప్ ఏం చేస్తున్నట్టు? ఈ లెక్క దానికీ వర్తిస్తుంది. 8 అంగుళాల అద్దం అంటే 203 మిల్లీమీటర్లు. చీకటికి అలవాటుపడిన కంటిపాప 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. అద్దం వెడల్పు కంటిపాపకు 29 రెట్లు కాబట్టి కాంతిని 841 రెట్లు పోగుచేస్తుంది. కానీ అదంతా కంటిపాపలో పట్టాలంటే ఐపీస్ (మనం కన్ను పెట్టి చూసే కటకం) కనీసం 29 రెట్లు పెద్దది చేసి చూపాలి. అంటే బొమ్మ విస్తీర్ణం 841 రెట్లవుతుంది. ఇటు వచ్చింది అటు పోయింది. పవర్ 100కు పెంచితే ఒక్కో చోటి వెలుగు దాదాపు పన్నెండో వంతుకు పడిపోతుంది. ప్రపంచంలోని ఏ టెలిస్కోప్‌కు కన్ను పెట్టి చూసినా నీహారిక ఉపరితల ప్రకాశం ఉత్త కంటికి ఉన్నదాన్ని మించదు. నక్షత్రాల సంగతి వేరు. అవి బిందువులు, సాగవు కాబట్టి 841 రెట్ల లాభం వాటికి దక్కుతుంది. అందుకే టెలిస్కోప్‌లో చుక్కలు మెరిసిపోతాయి, నీహారికలు మాత్రం మసగ్గానే ఉంటాయి. అయినా అద్దం పెద్దదైతే వివరాలు బాగా తెలుస్తాయి, ఎందుకంటే మసక వస్తువు పెద్దగా ఉంటే మన కన్ను ఎక్కువ కణాలతో దాన్ని పట్టుకోగలదు.

ఆండ్రోమెడా గెలాక్సీ బొమ్మలను కూడా ఈ లెక్కతోనే చూడాలి. చంద్రుడి పక్కన ఆరు చంద్రులంత వెడల్పున ఆ గెలాక్సీని అతికించిన ఒక బొమ్మ చాలా ప్రసిద్ధం. కొలత నిజమే. ఆకాశంలో అది మూడు డిగ్రీల పొడవు పరుచుకుని ఉంది. వెలుగు మాత్రం కెమెరా గంటలకొద్దీ పోగేసింది. ఎప్పుడో కోట్ల ఏళ్ల తర్వాత ఆండ్రోమెడా మన మీదికి వస్తుందనీ, ఆకాశమంతా ధగధగలాడుతుందనీ వీడియోలు వస్తుంటాయి. కొత్త లెక్కల ప్రకారం రెండు గెలాక్సీలు ఢీకొనడమే ఖాయం కాదు. ఒకవేళ ఆండ్రోమెడా ఆకాశం నిండేంత దగ్గరికి వచ్చినా ఇప్పుడున్న ఉపరితల ప్రకాశమే ఉంటుంది. దీనికి సాక్ష్యం మన తల మీదే ఉంది. అలాంటి గెలాక్సీ ఒకదాని లోపలే మనం కాపురం ఉంటున్నాం. పాలపుంత హైదరాబాద్ మేడ మీది నుంచి కనిపించదు, వీధి దీపాలు లేని ఊరికి వెళ్తే పల్చటి పాల చారలా కనిపిస్తుంది.

ఇక రంగు. మన రెటీనాలో దండాలు, శంకువులు అని రెండు రకాల కణాలున్నాయని బళ్లో చదువుకున్నాం. చీకట్లో పనిచేసేవి దండాలు, వాటికి రంగు తెలియదు. 507 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి అవి బాగా స్పందిస్తాయి. నీహారికల్లో రెండుసార్లు అయనీకరణ చెందిన (అంటే రెండు ఎలక్ట్రాన్లు ఊడిన) ఆక్సిజన్ వెలువరించే కాంతి 500.7 నానోమీటర్లు. దాదాపు పక్కపక్కనే. హైడ్రోజన్ ఎరుపు 656.3 దగ్గర ఉంది, దానికి దండాలు దాదాపు గుడ్డివి. అందుకే ఫొటోలో గులాబీ రంగులో ఉన్న ఓరియన్ నీహారిక ఐపీస్‌లో బూడిదరంగులో కనిపిస్తుంది, మహా అయితే బాగా వెలుగున్న మధ్యభాగంలో శంకువులు కూడా కొంచెం పనిచేసి లేత ఆకుపచ్చ ఛాయ తోస్తుంది. మామూలు కెమెరాల్లో ఈ ముదురు ఎరుపును చాలావరకు ఆపేసే ఫిల్టర్ ఉంటుంది. దాన్ని తీయించుకుని వాడేవాళ్లు ఆకాశం ఫొటోలు తీసే మాలో చాలామంది ఉన్నారు.

ఆ 500.7 గీతది పెద్ద కథ. 1864లో విలియం హగ్గిన్స్ ఒక నీహారిక కాంతిని వర్ణపటంగా విడదీసి చూస్తే, తెలిసిన ఏ మూలకానికీ చెందని ఆకుపచ్చ గీత కనిపించింది. కొత్త మూలకం అనుకుని తర్వాత నెబ్యులియం అని పేరు కూడా పెట్టేశారు. హగ్గిన్స్ ఆ గీతను చూసిన నాలుగేళ్లకు, 1868 ఆగస్టు 18న, మన గుంటూరు మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరుకూ, మద్రాసు ఖగోళ వేధశాల నుంచి పోగ్‌సన్ మచిలీపట్నానికీ వచ్చి స్పెక్ట్రోస్కోపులు ఎక్కుపెట్టారు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున కనిపించిన పసుపు గీతను మొదట సోడియం అనుకున్నారు. అది హీలియం అని తేలింది, 1895లో రామ్సే దాన్ని భూమి మీదే పట్టుకున్నాడు. నెబ్యులియం మాత్రం నిలవలేదు. అది అతి పల్చటి చోట్లో ఉన్న మామూలు ఆక్సిజనేనని 1927లో ఐరా బోవెన్ తేల్చాడు. ఆ కాంతిని విడుదల చెయ్యాలంటే అయాను సగటున అర నిమిషం పైగా ఎవరూ గుద్దుకోకుండా ఆగాలి. మన ప్రయోగశాలల్లో అంత ఖాళీ దొరకదు. గ్రహణం రోజు పచ్చళ్ల మీద దర్భలు వేసి తలుపులు మూసుకునే ఇళ్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. గుంటూరులో ఆ రోజు ఏం జరిగిందో ప్రతి బడిలోనూ పిల్లలకు చెప్పాలని నా కోరిక. ఆ భయం పోవడానికి అంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

ఇప్పుడు అందరి ఇళ్లలోనూ గోడకెక్కిన "సృష్టి స్తంభాలు" చూద్దాం. ఈగిల్ నీహారికలోని ఈ ధూళి స్తంభాలను జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ 1995 ఏప్రిల్ 1న హబుల్ అంతరిక్ష టెలిస్కోప్‌తో తీశారు. మూడు సన్నటి ఫిల్టర్లతో మూడు నలుపు తెలుపు బొమ్మలు తీసి, సల్ఫర్‌కు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. తరంగదైర్ఘ్యం వరస తప్పలేదు. అన్నిటికంటే పొడుగుదానికి ఎరుపు, పొట్టిదానికి నీలం. "ఉన్న రంగులోనే చూపొచ్చు కదా" అంటారు. చూపితే సల్ఫర్ గీతలు 672, 673 దగ్గర, హైడ్రోజన్ 656 దగ్గర. రెండూ మన కంటికి ఒకటే ముదురు ఎరుపు. మొత్తం ఎర్రటి ముద్దలా ఉండి, ఏది ఏ వాయువో తెలియకుండా పోతుంది.

ఆ తేడా ఎందుకంత ముఖ్యం? ఆక్సిజన్‌కు రెండో ఎలక్ట్రాన్ ఊడాలంటే 35 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. హైడ్రోజన్‌కు 13.6 చాలు. సల్ఫర్‌కు మొదటి ఎలక్ట్రాన్ ఊడడానికి 10.4 సరిపోతుంది. కాబట్టి నీలం ఉన్నచోట మహా వేడి నక్షత్రాల తీవ్రమైన అతినీలలోహిత కాంతి తగులుతోందని అర్థం. ఎరుపు ఉన్నచోట ఆ తీవ్రత అడుగంటి, చల్లటి వాయువు మొదలయ్యే అంచు ఉందని అర్థం. స్తంభాల అంచుల వెంట రంగు మారుతూ పోవడాన్ని గమనిస్తే నక్షత్రాలు ఏ వైపు నుంచి వాటిని తినేస్తున్నాయో వేలితో చూపించొచ్చు. ఇంత చెప్పే రంగుల్ని పత్రికల్లో "కృత్రిమ రంగులు" అని రాస్తుంటే నాకు మనసొప్పదు. "ఈ రంగు ఫలానా వాయువుది" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. ఆ బొమ్మలో మెట్లు మెట్లుగా ఉన్న నల్ల మూల గురించీ ఏవేవో ఊహలు ప్రచారంలో ఉన్నాయి. ఆ కెమెరాలో నాలుగు చిప్‌లుండేవి. ఒకటి మిగతావాటికంటే సూక్ష్మంగా తీసేది. మిగతా మూడింటి కొలతకు దాన్ని కుదిస్తే ఆ మూల ఖాళీగా మిగిలింది. దాచిందేమీ లేదు.

ఔత్సాహికులం మేమూ ఇదే పద్ధతి వాడతాం. హైడ్రోజన్ కాంతి మిగతావాటికంటే చాలా ఎక్కువ కాబట్టి బొమ్మంతా ఆకుపచ్చగా వస్తుంది. దాన్ని తగ్గించి బంగారు రంగులోకి తిప్పడం ఆనవాయితీ. తిప్పితే తప్పు లేదు, కానీ తిప్పామని కింద రాయాలి. నక్షత్రాలకు విడిగా మామూలు రంగుల ఫొటో తీసి కలిపితే అదీ రాయాలి. 2019 ఏప్రిల్ 10న విడుదలైన ఎం87 గెలాక్సీలోని కృష్ణబిలం బొమ్మలో నారింజ రంగు కూడా ఎంచుకున్నదే. ఆ కాంతి 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగం, దానికి కంటికి తెలిసే రంగంటూ లేదు.

ఇక పేర్లు. సూపర్‌మూన్ అనే మాటను 1979లో పెట్టింది రిచర్డ్ నోల్ అనే జ్యోతిష్కుడు, ఖగోళ శాస్త్రవేత్తలు కాదు. చంద్రుడు భూమికి బాగా దగ్గరగా ఉన్నప్పుడు వచ్చే పున్నమి అది. అతి దూరపు పున్నమితో పోలిస్తే చంద్రుడు అడ్డంలో 14 శాతం దాకా పెద్దగా ఉంటాడు. రెండిటినీ పక్కపక్కన పెట్టకుండా ఆ తేడా కనిపెట్టడం చాలా కష్టం. జనం మేడ ఎక్కి చంద్రుణ్ని చూస్తున్నారంటే నాకు సంతోషమే. ఆ రాత్రి భూకంపాలొస్తాయని టీవీల్లో టెన్షన్ పెట్టడం మాత్రం అన్యాయం. గుడి గోపురం వెనక పెద్ద చంద్రుడున్న ఫొటోను పరీక్షించడం సులువు. చంద్రుడి వెడల్పు ఎప్పుడూ దాదాపు అర డిగ్రీ. 50 మీటర్ల గోపురం అర డిగ్రీలో పట్టాలంటే ఫొటోగ్రాఫర్ దాదాపు 5.7 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. అంత దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీస్తే గోపురమంత చంద్రుడు నిజంగానే వస్తాడు. గుడి మెట్ల మీద నిలబడి తీసినట్టుంటే అది అతికించిన చంద్రుడే.

ఇప్పుడు చాలాచోట్ల ఐపీస్ లేని స్మార్ట్ టెలిస్కోపులు పెట్టి, బొమ్మను నేరుగా ఫోన్‌లో చూపిస్తున్నారు. మంచి పరికరాలే. కానీ పిల్లలకు చూపేటప్పుడు ముందు కంటితో చూపించాలంటాను. చలికాలంలో గొల్లకావడి మూడు చుక్కల కింద, వేటగాడి కత్తి అని పిలిచే చిన్న చుక్కల వరసలో, ఉత్త కంటికి మసగ్గా తోచే చుక్కే ఓరియన్ నీహారిక. పది, ఇరవై నిమిషాలు చీకట్లో కళ్లను అలవాటుపడనిచ్చి, బైనాక్యులర్స్‌తో దాన్ని నేరుగా కాకుండా కొంచెం పక్కకు చూస్తూ చూడమనండి. రెటీనా మధ్యలో దండాలు లేవు, పక్కన దండిగా ఉన్నాయి కాబట్టి పక్కచూపులోనే అది బాగా విచ్చుకుంటుంది. ఆ తర్వాత ఫోన్‌లో ఎర్రగా వచ్చిన బొమ్మ చూపించి, ఈ ఎరుపు హైడ్రోజన్‌దని చెప్పండి.